సాధ్ కంచంలో మొదటి ముద్ద

"నూట తొంభై ఆరు!"

మిషన్ మీద అంకె చూసింది శర్మిష్ఠ. వీధి చివరిదాకా వినబడేలా అరిచింది మాత్రం కాదంబిని పిసిమా. మామగారి చెల్లెలు. మేనకోడలికి చేసినంత ముచ్చటగా చిన్నకోడలు పౌలమికి సీమంతంలాంటి సాధ్ వేడుక చేయిస్తానని నిన్న సాయంత్రమే రిషడా నుంచి దిగింది. దిగినప్పటి నుంచీ ఆమె చూపు శర్మిష్ఠ చేతుల మీదే ఉంది.

పౌలమి మంచం మీద కూర్చుని, సూది గుచ్చిన వేలిని చీర కొంగులో దాచుకుంది. ఏడో నెల. ముఖం పాలిపోయి ఉంది.

"పొద్దున ఏం పెట్టావు, పెద్ద బౌమా?" గుమ్మంలోనే నిలబడి పెద్దకోడలిని అడిగింది అత్తగారు హేమనలిని.

"శనగపిండి అట్టు ఒకటి, ఉడికించిన గుడ్డు, కీరా ముక్కలు. మీ ముందే కదమ్మా పెట్టాను?"

"మరి ఇంత ఎలా పెరిగింది?"

ఆ ప్రశ్న మూడు వారాలుగా శర్మిష్ఠను నిద్రపోనివ్వడం లేదు. బంగాళాదుంప మానిపించింది. అన్నం తగ్గించింది. కింద ఉన్నది సొంత మిఠాయి కొట్టే అయినా, ఒక్క సందేశ్ మెట్లెక్కకుండా కాపలా కాసింది. అయినా తోటికోడలి షుగర్ దిగదు. మధ్యాహ్నం తగ్గుతుంది, సాయంత్రానికి మళ్ళీ ఎగురుతుంది.

"నేను చెప్పనా ఎలా పెరిగిందో?" కాదంబిని నడుం మీద చేతులు వేసుకుంది. "మూడు వారాల నుంచి ఈవిడ వండుతోంది. మూడు వారాల నుంచి ఆ పిల్లకి షుగర్ పెరుగుతోంది. ఇందులో నాకు పెద్ద చదువు అక్కర్లేదు వదినా. కడుపు పండని చెయ్యి అది. ఇంకొకరి కడుపు పండుతుంటే ఓర్చుకుంటుందా?"

"పిసిమా!" అంది పౌలమి.

"నువ్వు ఊరుకో. నువ్వు పసిదానివి, నీకు తెలీదు."

శర్మిష్ఠ అత్తగారి వైపు చూసింది. ఒక్క మాట. 'కాదంబినీ, నోరు ముయ్యి' అని ఒక్క మాట అంటే చాలు. హేమనలిని ఏమీ అనలేదు. ఆ మౌనం పిసిమా మాటలకంటే లోతుగా దిగింది.

డాక్టరమ్మ నిన్న ఫోనులో ఖరాఖండీగా చెప్పేసింది. బిడ్డ నెలకు మించి పెరుగుతోంది. సాధ్ చేసుకోండి, వద్దనను. కానీ ఆ భోజనమైన రెండు గంటలకు అంకె నూట ఇరవై దాటితే మాత్రం, సాయంత్రానికల్లా ఆసుపత్రిలో చేర్చాలి. ఇన్సులిన్ మొదలుపెట్టి కళ్ళ ముందు ఉంచుకుంటాం.

ఇప్పుడు పది కావస్తోంది. ఒంటిగంటకు పేటలోని ముత్తయిదువలందరూ వస్తారు.

"ఈ రోజు వంట నేను చేస్తాను," అంది హేమనలిని చివరికి. "నువ్వు కూరలు తరిగిచ్చి బయటికి వచ్చెయ్యి, పెద్ద బౌమా. సాధ్ కంచం ముట్టుకోకు."

ఇద్దరు పెద్దవాళ్ళూ వెళ్ళిపోయారు. మెట్ల మీద కాదంబిని గొంతు ఇంకా వినబడుతూనే ఉంది. బెల్లం పాయసం, గోబిందభోగ్ బియ్యం, జీడిపప్పు దండిగా, అంటూ.

*

శర్మిష్ఠ తలుపు దగ్గరగా వేసింది.

"ఇంకేం తిన్నావు పౌలమీ?"

"ఏం లేదు దిదీ."

"నా మొహం చూసి చెప్పు."

"ఒట్టు దిదీ. ఒక్క తీపి ముక్క ముట్టలేదు. మీ మరిది జేబులు కూడా మీరే వెతికారు కదా!"

నిజమే. నిన్న మరిది దీపాయన్ ఆఫీసు బ్యాగు కూడా దులిపి చూసింది. అందులో దొరికింది ఒక దువ్వెన, సగం తిన్న జామకాయ.

శర్మిష్ఠ నీరసంగా మంచం మీద కూలబడింది. ఆమె కింద ఏదో కరకరమంది.

శర్మిష్ఠ లేచి దుప్పటి ఎత్తింది. తెల్లగా, తేలిగ్గా, అరచేతిలోంచి ఊదితే ఎగిరిపోయేలా ఉన్నాయి. మరమరాలు. దిండు వెనక, గోడకీ మంచానికీ మధ్య, ఇంకా నాలుగు. కిటికీ గూట్లో కడిగి బోర్లించిన పెద్ద ఇత్తడి గిన్నె. దాని అంచుకి ఒకటి అతుక్కుని ఉంది.

"ఇవేంటి?"

"మరమరాలు." పౌలమి తెల్లబోయి చూసింది. "ఉత్త మరమరాలే దిదీ. వాటిలో ఏముంటుంది, గాలి తప్ప?"

గాలి! ఈ ఊళ్ళో ఎవరిని అడిగినా అదే చెబుతారు. జ్వరమొస్తే మరమరాలు. కడుపు బాగోలేకపోతే మరమరాలు. షుగర్ వచ్చిందని అన్నం మానేసిన పెద్దమనిషి కూడా సాయంత్రం గంప ముందేసుకుని, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ, 'ఏమీ తినడం లేదు బాబూ' అంటాడు. తిండి కింద దాన్నెవరూ లెక్కేయరు. తనూ వేయలేదు. మూడు వారాలు సందేశ్ కోసం, రసగుల్లా కోసం ఇల్లంతా గాలించింది గానీ, బియ్యాన్నే పొంగించి, నోట్లో పెట్టగానే కరిగిపోయేలా చేసి గిన్నెలకొద్దీ పెడుతున్నారని అనుకోలేదు. కరిగినంత వేగంగానే అది రక్తంలోకి పోతుంది మరి.

"ఎవరు పెడుతున్నారు?"

పౌలమి తల వంచుకుంది.

"పౌలమీ, నా పేరు పాడవుతోంది. పిసిమా అన్నది విన్నావు కదా."

"అమ్మ. మన అత్తగారే." పౌలమి తలుపు వైపు ఒకసారి చూసింది. "తెల్లారగట్ల తెస్తారు, పాలు పోసి. సాయంత్రం మీరు మేడ మీద బట్టలు తీయడానికి వెళ్ళినప్పుడు ఇంకో గిన్నె. 'పెద్దది మరీ కొలిచి కొలిచి పెడుతోంది, ఇద్దరి ఆకలి నీది' అంటారు. మీకు చెబితే నొచ్చుకుంటారని చెప్పొద్దన్నారు. ఆవిడ అంత ప్రేమగా పక్కన కూర్చుని తినిపిస్తుంటే ఎలా వద్దనను దిదీ?"

శర్మిష్ఠ అప్పటికే మెట్లు దిగుతోంది. రెండేసి మెట్లు ఒక్కసారి.

*

వంటింట్లో కాదంబిని లేదు. స్నానానికి వెళ్ళింది. పొయ్యి మీద పాలు మరుగుతున్నాయి. పక్కన కడిగిన బియ్యం, పెద్ద బెల్లం ముద్ద. హేమనలిని గరిటె తిప్పుతోంది.

"అమ్మా, పొయ్యి తగ్గించండి. మీతో మాట్లాడాలి."

"కూరలు తరిగావా?"

"మరమరాలు ఎన్నాళ్ళ నుంచి పెడుతున్నారు?"

గరిటె ఆగింది. మళ్ళీ తిరిగింది.

"ఆ పిల్ల చెప్పేసిందన్నమాట. అయితే ఏంటి? నా పిల్లలిద్దరినీ మోసినప్పుడు నేను తిన్నవే. మా అమ్మ తిన్నవే. మరమరాలు కూడా నీకు విషమైపోయాయా? రేపు మంచినీళ్ళు కూడా కొలుస్తావు కాబోలు!"

"అది బియ్యమే అమ్మా. అన్నం కన్నా తొందరగా ఒంటబట్టే బియ్యం. అన్నం గిన్నె నేను తీసేశాను. వెనకనుంచి అంతకు రెట్టింపు వచ్చి చేరింది. పొద్దున అట్టు, గుడ్డు తిన్న మనిషికి నూట తొంభై ఆరు రాదు. మీరు పెట్టిన రోజుల్లోనే పెరుగుతోంది. మొన్న మీరు శ్రీరాంపూర్ పెళ్ళికి వెళ్ళారు చూడండి, ఆ రెండు పూటలూ దిగింది."

హేమనలిని ఇటు తిరిగింది. అరవై దాటినా నిటారుగా నిలబడే మనిషి.

"అంటే... నేనా?"

"ప్రేమతోనే పెట్టారు..."

"ప్రేమ సంగతి నేను అడగలేదు. నేనా, కాదా?"

"అవునమ్మా."

పాలు ఉబ్బాయి. అంచు దాటాయి. పొయ్యి మీద చుయ్యిమని పొంగిపోయాయి. ఇద్దరిలో ఒక్కరూ చెయ్యి చాపలేదు.

చివరికి హేమనలినే పొయ్యి ఆపింది. బెల్లం ముద్దని తీసి, పై అరలో పెట్టి, తలుపు వేసింది.

"టైమెంత?"

"పదీ పావు."

"నిలబడి చూస్తావేం? చేతులు కడుక్కో."

*

ఆ వంటింట్లో అలాంటి వంట ఎప్పుడూ జరగలేదు.

అత్త ముందు, కోడలు వెనక. కాసేపటికి కోడలు ముందు, అత్త వెనక. కాకరకాయ, మునక్కాడ, వంకాయ, ముల్లంగి ముక్కలు శుక్తో అనే చేదు కూరలోకి. అరటిపువ్వు ఒలిచి, సన్నగా తరిగి, పచ్చి కొబ్బరితో వేపుడు. వేయించిన పెసరపప్పులో కాత్లా చేప తలకాయ. ఆవపెట్టిన చేప ముక్కలు. సాధ్‌కి ఐదు వేపుళ్ళు ఉండి తీరాలి. బంగాళాదుంప తీసేస్తే నాలుగే అయ్యాయి.

"ఐదోది?" అంది హేమనలిని కంగారుగా.

"బెండకాయ."

"సాధ్‌లో బెండకాయా? పేట నవ్వుతుంది!"

"నవ్వనివ్వండి. నవ్వుతూ తింటారు."

హేమనలిని పప్పులో ఉప్పు వేసింది. ఆ వెంటనే ఆమె కుడిచెయ్యి తనంతట తాను ఎడమ పక్క అర మీదికి వెళ్ళింది. అక్కడ ఏమీ దొరకలేదు. వేళ్ళు ఖాళీ అరని తడిమాయి.

"చక్కెర డబ్బా ఏదీ?"

"దాచేశాను."

"పప్పులోకి చిటికెడు..."

"పప్పులో చిటికెడు, శుక్తోలో చిటికెడు, అరటిపువ్వులో చిటికెడు. ఈ ఇంట్లో చక్కెర పడనిది మంచినీళ్ళలోనే అమ్మా!"

హేమనలిని కోపంగా చూసింది. తర్వాత, ఆ మనిషి పెదవి చివర చిన్న నవ్వు మెరిసి మాయమైంది. "చేప పులుసులో కూడా వేస్తాను. నువ్వు చూడనప్పుడు."

చక్కెర లేని లోటు పూడ్చడానికి శర్మిష్ఠ ఉల్లిపాయల్ని సన్న మంట మీద ఎర్రగా వేయించింది. కొబ్బరి పాలు కాస్త చేర్చింది. హేమనలిని వేలితో అద్ది నోట్లో పెట్టుకోబోయి ఆగింది.

"రుచి నువ్వు చూడు. నేనేమీ ముట్టను."

"ఎందుకు?"

"రెండు గంటల తర్వాత ఆ మిషన్ ఏం చెబుతుందో తెలిసేదాకా నాకు మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దు. ఈ వేడుక కోసం రాత్రి నుంచి ఎలాగూ ఉపవాసమే. ఇంకో పూట." ఆమె చేప ముక్క తిరగేసింది. "పాయసం మాత్రం ఉండాలి. పాయసం లేకుండా సాధ్ లేదు. అది నన్ను అడగకు."

"ఉంటుంది. బియ్యం నామమాత్రంగా, మిగతాదంతా విరిచిన పాల ఛానా. చివర్లో ఒక్క చెంచా."

"చివర్లో కాదు. మొదటి ముద్ద పాయసమే పెట్టాలి."

"ఖాళీ కడుపు మీద తీపి పడితే మొత్తం చెడిపోతుందమ్మా! ముందు చేదు, కూర, చేప లోపలికి వెళ్ళాలి. ఆ తర్వాతే అన్నం. అన్నిటికన్నా చివర తీపి."

"మొదటి ముద్ద పాయసమే," అంది హేమనలిని.

శంఖం ఊదిన శబ్దం. అతిథులు వచ్చేశారు.

*

కొత్త ఎర్రంచు చీరలో పౌలమి పీట మీద కూర్చుంది. ముందు పెద్ద కంచు పళ్ళెం, చుట్టూ గిన్నెలు. పక్కన దీపం. ఇరవైమంది ఆడవాళ్ళు మెడలు సాచి చూస్తున్నారు. శర్మిష్ఠ గుమ్మం బయట నిలబడింది. సాధ్ కంచం ముట్టుకోకు అన్న మాట ఇంకా ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

"బెండకాయ!" అంది ఒకావిడ.

"అన్నం పిడికెడేనా?" అంది ఇంకొకావిడ.

"మిఠాయి కొట్టు ఇంట్లో మిఠాయేదీ?" కాదంబిని గొంతు అందరినీ మించింది. కొంగు చాటు నుంచి ఒక దొన్నె తీసింది. జలభరా సందేశ్‌లు. కొరికితే లోపలి పాకం చుబుకం మీదికి కారే రకం. "నాకు తెలుసు ఇలాంటిదేదో చేస్తారని. కింద అన్నయ్యని అడిగి తెచ్చాను. నోరు తెరువు తల్లీ, శుభమా అంటూ తీపితో మొదలుపెట్టు."

పౌలమి భయంగా గుమ్మం వైపు చూసింది. సందేశ్ ఆమె పెదవుల దగ్గరికి వచ్చేసింది.

హేమనలిని చెయ్యి చాపి కాదంబిని మణికట్టు పట్టుకుంది.

"మొదటి ముద్ద పెట్టాల్సింది అత్తగారు."

ఆమె పాయసం గిన్నెలోంచి ఒక్క మెతుకు, నిజంగా ఒకే ఒక్క మెతుకు, ఉంగరం వేలితో తీసి పౌలమి నాలుకకు అంటించింది. తర్వాత ఎడమచేత్తో పాయసం గిన్నెని వరస చివరికి జరిపి, శుక్తో గిన్నెని ముందుకు లాగింది.

"మొదటి ముద్ద అయిపోయింది. ఇక కాకరకాయ తిను."

గుసగుసలు రేగాయి.

"చేదుతోనా!" కాదంబిని మణికట్టు విడిపించుకుంది. "ఎవరు నేర్పారు నీకిదంతా? ఆ గుమ్మం బయట నిలబడిందే, ఆవిడేనా? పిల్లకి షుగర్ పెంచిందీ ఆ చెయ్యే, ఇప్పుడు నోరు కట్టేసిందీ ఆ చెయ్యే!"

"చెయ్యి నాది."

హేమనలిని శుక్తో గిన్నె వదిలి ఆడపడుచు వైపు తిరిగింది.

"విన్నావా కాదంబినీ? షుగర్ పెంచిన చెయ్యి నాది. దొంగచాటుగా రోజూ రెండు గిన్నెలు మరమరాలు పెట్టాను. పెద్దది కొలిచి తగ్గిస్తుంటే నేను వెనక నుంచి పోశాను. పొద్దున నువ్వు దాన్ని అన్ని మాటలన్నా నోరు మూసుకుని విన్నాను. అప్పటికి నాకు తెలీదు. ఇప్పుడు తెలుసు." హేమనలిని గుమ్మం వైపు తిరిగింది. "బయట నిలబడ్డావేం, పెద్ద బౌమా? ఎంత చేప వెయ్యాలో నాకు తెలీదు. వచ్చి వడ్డించు."

శర్మిష్ఠ లోపలికి వచ్చి కంచం ముందు కూర్చుంది. ముందు శుక్తో. తర్వాత అరటిపువ్వు, వేపుళ్ళు. పప్పు, చేప. సగం కడుపు నిండాక ఆ పిడికెడు అన్నం. చివర, చెంచాడు పాయసం. పౌలమి వేళ్ళు నాకింది.

"దిదీ, ఇంకో బెండకాయ ఉందా?"

ఎవరో పకపకా నవ్వారు. ఆ తర్వాత పళ్ళేల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. నవ్విన ఆవిడే మూడోసారి అరటిపువ్వు అడిగింది.

*

తిన్న వెంటనే పడుకోనివ్వలేదు. శర్మిష్ఠ పౌలమిని మేడ మీద నీడపట్టున మెల్లగా నడిపించింది. ఆడవాళ్ళెవరూ ఇళ్ళకు వెళ్ళలేదు. తాంబూలాలు నములుతూ గడియారం వంకే చూస్తున్నారు. ఇద్దరు పందెం కూడా వేసుకున్నారు. కాదంబిని మూల కూర్చుని ఆ సందేశ్‌లు తనే ఒక్కొక్కటీ తినేస్తోంది.

టైమైంది. పౌలమి వేలు చాపింది. నెత్తుటి చుక్క స్ట్రిప్పుకి అంటింది. మిషన్ వెనక్కి లెక్కపెట్టుకుంటోంది. హేమనలిని కళ్ళు మూసుకుంది.

"చదవండి దిదీ. నేను చూడలేను," అంది పౌలమి.

శర్మిష్ఠ చదవలేదు. మిషన్ని అందరి వైపూ తిప్పి చూపించింది.

నూట పద్నాలుగు.

ఇల్లంతా ఒక్కసారి ఆడవాళ్ళు ఉలూ ఉలూ అని చేసే మంగళధ్వనితో హోరెత్తింది. ఎవరో శంఖం అందుకున్నారు. పౌలమి ఏడుస్తూ నవ్వుతూ శర్మిష్ఠ మెడ చుట్టేసుకుంది. దీపాయన్ మెట్ల మీద నుంచే డాక్టరమ్మకి ఫోను కలిపాడు. ఈ రోజుకి ఆసుపత్రి వద్దు, ఇలాగే తినిపించండి, రోజూ నాకు అంకెలు చెప్పండి అని ఆవిడ అంటుంటే స్పీకర్లో అందరూ విన్నారు.

"నాది చూడు పెద్ద బౌమా!" ఒకావిడ వేలు చాపింది.

"ముందు నాది!"

"అమ్మా, తిరునాళ్ళా ఇది? స్ట్రిప్పులు అయిపోతాయి!" అంది శర్మిష్ఠ నవ్వుతూ.

"అయితే మా వదినది చూడండి," అంది కాదంబిని మూలనుంచి, పెదవులు తుడుచుకుంటూ. "నిన్న రాత్రి నుంచి ఉపవాసం కదా మహాతల్లి. కడిగిన ముత్యంలా ఉంటుంది అంకె. అదీ చూసి అందరం నేర్చుకుందాం."

"చూడవే, దాని ముచ్చట తీరుతుంది," హేమనలిని తేలిగ్గా నవ్వి చెయ్యి అందించింది.

శర్మిష్ఠ సూది గుచ్చింది. చుక్క అంటించింది. ఎవరో జోకు వేశారు, అందరూ నవ్వుతున్నారు.

మూడు వందల నలభై ఒకటి.

శర్మిష్ఠ మిషన్ని గుప్పిట్లో మూసేసింది. కానీ అత్తగారు అప్పటికే చూసేసింది. ఆ ముఖంలో నవ్వు అలాగే ఉంది, కళ్ళలో మాత్రం లేదు.

"ఎంత?" అంది కాదంబిని.

"బాగానే ఉంది," అంది హేమనలిని.

సరిగ్గా అప్పుడే కింద కొట్లోంచి మామగారు బిశ్వంభర్ కేక వినబడింది. "పాకం దించాలి! ఎక్కడున్నావు?"

ఆ కొట్లో ఏ పాకమైనా హేమనలిని నాలుక మీద పెట్టుకుని ఊఁ అంటేనే పొయ్యి దిగుతుంది. రేపటి పెళ్ళికి రసగుల్లాలు ఆ కళాయిలోంచే వెళ్ళాలి.

హేమనలిని కోడలి మణికట్టు పట్టుకుని వరండాలోకి లాగింది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"ఆయనకి చెప్పకు. ఈ రోజు చెప్పకు. వెళ్ళి పాకం నువ్వు చూడు."

"నేనా? నాకేం తెలుసమ్మా?"

"పొద్దున్నుంచీ చక్కెర లేకుండా ఇంత వంట వండావు. చక్కెర సంగతి నీకన్నా ఎవరికి తెలుసు? వెళ్ళు!"

కొట్లో కళాయి ముందు బిశ్వంభర్ గరిటెతో నిలబడి ఉన్నాడు. పనివాళ్ళు చేతులు ఆపి చూశారు. శర్మిష్ఠ ఏమీ మాట్లాడకుండా గరిటె అంచు నుంచి ఒక చుక్క తీసుకుని నాలుక మీద వేసుకుంది.

"ఇంకాస్త మరగాలి, బాబా."

ఆయన కళాయి వైపు చూడలేదు. గరిటె పక్కన పెట్టాడు.

"నూట రెండు జ్వరంతో కూడా ఆవిడ ఈ మెట్లు దిగింది. పెద్దవాడు పుట్టిన పదకొండో రోజున దిగింది." ఆయన గొంతు తగ్గింది. "నా వైపు చూడు తల్లీ. మీ అత్తగారికి ఏమైంది?"

శర్మిష్ఠ నోరు తెరిచింది. నాలుక మీద పాకం తీపి ఇంకా పోలేదు.